ఎడమ డొక్కలో నాలుగో గోళం

...అయితే అది ఎండ కాదు. ఎండయితే ముందు భుజాల మీద తెలుస్తుంది, ఎవరో వేడి ఇసుక మూటలు రెండు తెచ్చి పెట్టినట్టు. మధ్యాహ్నానికి ఆ వేడి నడుం దాకా జారుతుంది. సముద్రపు గాలీ కాదు. గాలికి మెడ వెనక చిన్న దురద పుడుతుంది, అంతే. కడుపు నిండినట్టు ఉంటే గోళంలోకి గ్యాసు ఎక్కుతోందని, నోరు పిడచకట్టినట్టు ఉంటే దిగుతోందని. ఇంట్లో ఎవరు నడుస్తున్నారో అడుగుల చప్పుడును బట్టి తెలిసిపోయినట్టు, నూకరత్నానికి ఇవన్నీ చూడకుండానే తెలిసిపోతాయి. ఎడమ డొక్క కింద ఉన్నది మాత్రం వీటిలో ఏదీ కాదు. అది పోటు కాదు, మంట కాదు. ఎవరో లోపల చతికిలబడి కూర్చుని, లేవడానికి ఆసరాగా పక్కటెముకను ఒక చేత్తో పట్టుకున్నట్టు ఉంది. పట్టుకున్నారు గానీ లేవడం లేదు. లేస్తే బాగుండునని ఒకసారి, లేవకుండా అలాగే ఉండిపోతే బాగుండునని ఒకసారి అనిపిస్తోంది. ఆ రెండో కోరిక ఎక్కణ్ణుంచి వస్తోందో...

"అప్పా! ఏటలగ సముద్రాన్ని మింగీసేలా సూస్తన్నావు? ఆ పానా ఇలగియ్యి."

ఆమెను అక్క వరస కలిపి అప్పా అని పిలిచే సూరప్పడు చెయ్యి చాపి ఉన్నాడు. నూకరత్నం పానా అందించింది. ఇద్దరూ నాలుగో గోళం నెత్తి మీద, చుట్టూ రెయిలింగు ఉన్న చిన్న ఇనప అరుగు మీద నిలబడి ఉన్నారు. కింద ఆ గోళం కడుపులో ఒక ఊరు కొన్ని నెలలు వండుకోవడానికి సరిపడా వంటగ్యాసు ద్రవమై ఒత్తిడిలో నిలిచి ఉంది. ఒత్తిడి హద్దు మీరితే తమంతట తాము తెరుచుకునే సేఫ్టీ వాల్వులు రెండు ఈ అరుగు మీదే ఉంటాయి. ఒకటి పనిలో ఉంటే రెండోది కాచుకుని ఉంటుంది. కాచుకుని ఉన్నదాన్ని విప్పి, షెడ్డుకు తీసుకుపోయి, అసలు తెరుచుకుంటుందో లేదో పరీక్షించి మళ్లీ బిగించడం వాల్వు మెకానిక్కు సూరప్పడి పని. అది సరిగ్గా జరిగిందని చూడటం, గోళానికి ఎక్కడ ఏ బాధ ఉన్నా చెప్పడం ఇన్‌స్పెక్టరు నూకరత్నం పని.

వాల్వు పైన గ్యాసును ఆకాశంలోకి వదిలే పైపు ఉంది. వాన నీరు కారిపోవడానికి దాని అడుగున చిన్న కన్నం పెట్టారు. సూరప్పడు అందులోకి తీగ దూర్చి తిప్పాడు. ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది.

"కుమ్మరి పురుగు గూడు కట్టీసింది సూడు. ఈ కన్నం మూసుకుపోతే నీరంతా వాల్వు మీదే నిలిచిపోద్ది. స్ప్రింగు తుప్పు పట్టీసి, రేపు అవసరానికి తెరుసుకోమంటే ఇది మొహం తిప్పుకుంటాది." తీగను ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నాకు ఊళ్లో రెండు సెంట్లు దొరకనేదు. దీనికి సూడప్పా, సముద్రం కనపడేలాగ పై అంతస్తు!"

ఆమె నవ్వింది. నవ్వితే డొక్క కింద చెయ్యి కొంచెం బిగిసింది. రేవు వైపు చూస్తే, గ్యాసు తెచ్చిన ఓడ మెల్లగా జెట్టీకి ఒరుగుతోంది. మధ్యాహ్నం నుంచి నాలుగో గోళం నిండడం మొదలవుతుంది.

జంట పొర పుట్టింది పొరపాటున. కొండ మీది విశ్వవిద్యాలయంలో డాక్టర్ కుముదిని ఏదో జిగురు పదార్థాన్ని పెంచుతూ, ఒక ముద్దను బ్లేడుతో రెండుగా కోసి, సగం బల్ల మీద వదిలేసి సగం ఫ్రిజ్‌లో పెట్టింది. ఫ్రిజ్‌లో సగం చలికి ముడుచుకుంటుంటే బల్ల మీది సగం కూడా ముడుచుకుంది. మధ్యలో తీగ లేదు, కరెంటు లేదు. ఒక సగాన్ని రైల్లో వేరే రాష్ట్రం పంపి చూసినా అంతే. ఎందుకో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడదు కూడా. నిప్పురవ్వ పుట్టించే వస్తువు దేన్నీ దగ్గరికి రానివ్వని గ్యాసు టెర్మినళ్లకు అది వరంలా కనిపించింది. ఒక సగాన్ని ఉక్కు మీద పూతగా పూస్తే, ఉక్కు పడే యాతన రెండో సగంలో తెలియాలి. తెలిసింది కూడా. కానీ మీటరుకు తగిలిస్తే అంతా సంత గోల. ఎండ, గాలి, కాకి కాలు, ఓడ కూత, పగులు, అన్నీ ఒకేసారి అరుస్తున్నాయి. ఆ గోలను విడదీయగలిగింది ప్రాణమున్న నరం ఒక్కటే. మనిషి మెడ వెనక పట్టీలా అతికిస్తే పొర నెమ్మదిగా చర్మంలో కలిసిపోతుంది. ఏడాది గడిచేసరికి, నడవడం నేర్చుకున్నట్టు, ఒళ్లు తనంతట తానే నేర్చుకుంటుంది. ఒక గోళానికి ఒక మనిషి. పట్టీ ఒకసారి ఊడదీస్తే అక్కడితో ఆ జంట చచ్చిపోయినట్టే. మళ్లీ కొత్త ముద్ద, కొత్త మనిషి, మళ్లీ ఏడాది. అంతకాలం ఆ గోళం గుడ్డిది.

మొదట్లో నూకరత్నం పేరు పేపర్లో పడింది. నడుం దగ్గర సన్నగా దారం లాగినట్టు ఉందని ఆమె చెప్తే గోళం ఖాళీ చేయించి చూశారు. అతుకు వెంట జుట్టంత పగులు దొరికింది. అది వదిలేసి ఉంటే ప్రహరీ అవతల ఉన్న మత్స్యపురం కాలనీలో ఒక్క ఇల్లు మిగిలేది కాదని అందరూ అన్నారు. ఆ కాలనీలోనే ఆమె ఇల్లు.

చిక్కు ఒకటే. ఉక్కు బాధా మనసు బాధా ఒక్క నరం వెంటే వస్తాయి. అందుకని ప్రయోగశాల వాళ్లు ఇంటికి వచ్చి, అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. గోళానికి పరీక్ష జరిగే రోజుల్లో జంట మనిషికి మంచిగానీ చెడుగానీ ఏ కబురూ చెప్పకూడదు. సంతోషం కూడా వద్దు. ఒళ్లు తేటగా, కదలని నీళ్లలా ఉండాలి.

పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో ఇంట్లోవాళ్లకు ఏం తెలుస్తుంది? ఎందుకైనా మంచిదని రోజూ పాటించారు. అదే అలవాటైపోయింది.

*

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లింది. అత్తగారు చిన్నమ్మి పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతూ, టీవీలో నిన్న చూసిన సీరియల్ చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ పెద్ద కోడలు నేదూ, అది సంచీ సర్దుకుని గుమ్మం దిగింది. దిగితే, ఎదురుగా ఆల్ల మావగారు..." ఆగింది. ఆ మావగారికి ఏదో అయిందని నూకరత్నానికి అర్థమైంది. "...ఆల్ల మావగారు నిలబడున్నాడు. అంతే."

"తరవాత?"

"తరవాతేటీ నేదు. బాగున్నాడు. కూర్లో కారం సరిపోయిందా?"

ఇలాగే పక్కింటి పెళ్లిళ్లు ఆమెకు అవి జరిగిపోయాక తెలుస్తాయి. వీధిలో శవం లేస్తే కిటికీ తలుపు వేస్తారు. అత్తగారి సీరియళ్లలో ఏడుపులూ చావులూ కొట్లాటలూ తీసేశాక మిగిలేది గుమ్మాలూ సంచీలూ మాత్రమే. ఒకప్పుడు ఇది నవ్వులాటగా ఉండేది. కూతురు హైమ ఉన్నప్పుడు, కాలేజీలో మంచి మార్కులు వచ్చిన రోజున తల్లి ముందు మొహం గంటు పెట్టుకుని, "ఏటీ నేదమ్మా, అంతా మామూలే," అని, వంటింట్లోకి పోయి నాయనమ్మను పట్టుకుని గెంతేది. ఆ గెంతులు గోడ ఇవతలికి వినిపించేవి. నూకరత్నం విననట్టు కూర్చునేది.

భర్త గంగునాయుడు ఆటో నిలిపి వచ్చాడు. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు.

"ఏటి సంగతులు మావా?"

"ఏటీ నేవు."

అతను మాట్లాడకపోవడం నియమం వల్లనా, కోపం వల్లనా అని ఆమె తనను తాను ఎన్నోసార్లు అడుక్కుంది. నియమం లేకపోతే కోపానికి ఒక మాట కావలసి వచ్చేది. మాట ఉంటే జవాబు ఉండేది. ఇప్పుడు ఇద్దరికీ సౌకర్యంగా ఉంది. అన్నం కలుపుతూ అతను ఆమె ఎడమ చేతిని చూశాడు. అది డొక్క మీద ఉంది.

"నొప్పెడతందా?"

"కొంచెం."

"నీదా, దానిదా?" అని అడగలేదతను. తల దించుకుని తిన్నాడు. కానీ ఆ ప్రశ్న కంచాల మధ్య ఉండిపోయింది.

హైమ నర్సింగు చదివేది. హాస్టల్లో జ్వరం వచ్చింది. ఆ వారమే నాలుగో గోళానికి నీటి పరీక్ష. గ్యాసు తీసేసి, గోళం నిండా నీళ్లు నింపి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఉక్కు తట్టుకుంటుందా లేదా అని చూడటం. కంట్రోల్ రూము పక్క గదిలో నూకరత్నం కళ్లు మూసుకుని మంచం మీద పడుకుని ఉంది. పంపు ఒత్తిడి పెంచుతున్నకొద్దీ ఎక్కడ ఎలా ఉందో చెప్తోంది. గేటు దగ్గర గంగునాయుడు నిలబడ్డాడు. లోపలికి కబురు పంపమన్నాడు. పరీక్ష చివరి మెట్టులో ఉంది, ఇప్పుడు కదిపితే అంతా మొదటికొస్తుంది, కాస్త ఆగమన్నారు. అతను ఆగాడు. నియమం అతనికీ తెలుసు. పొద్దున్న నుంచీ హైమ గొంతు వినిపించిన ఫోను చేతిలో పట్టుకుని గేటు నీడలో ఆగాడు.

ఆమె బయటికి వస్తూ నవ్వుతోంది. "పాసయిపోయింది మావా!" అంది. అప్పుడు అతను చెప్పాడు. ఒక్క ముక్కే చెప్పాడు.

అప్పటికి ఆమె ఒళ్లు ఇంకా ఆ నీళ్ల బరువుతో బిగుసుకుని ఉంది. వేలు మోపడానికి చోటు లేదు. చుట్టాలతో కిక్కిరిసిన ఇంటికి వచ్చిన మనిషిలా ఆ కబురు గుమ్మంలోనే నిలబడిపోయింది. దహనం రోజు ఆమె ఏడవలేదు. కాలనీ ఆడవాళ్లు అది చూశారు. నీళ్లు తోడేశాక, ఒళ్లు వదులయ్యాక, ఇక వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. కొన్నాళ్ల తర్వాత ఒకరోజు ఎడమ డొక్క కింద ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నారు.

వచ్చావా, అనుకుంది ఆమె.

కానీ ఉద్యోగ ధర్మం ఒకటి ఉంది. ఏ నొప్పినీ దాచకూడదు. చెప్పింది. గోళం మళ్లీ ఖాళీ చేయించారు. అతుకులన్నీ, లోపలి గోడంతా వెతికారు. ఏమీ లేదు. టెర్మినల్ మేనేజరు ముక్తేశ్వరరావు ఆమెను పిలిచి, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "ఇది మీ దుఃఖమమ్మా. తప్పేం లేదు," అన్నాడు. అందరి ముందూ తల దించుకుంది. లోపల మాత్రం ఎవరికీ చెప్పలేని ఊరట కలిగింది. కంపెనీ ఇంజనీర్లు ఎక్సరేలు తీసి మరీ తేల్చారు, ఆమెకు దుఃఖం ఉందని. ఆ ఆడవాళ్లకు అది చూపించాలనిపించింది.

అప్పటినుంచి ఆ చెయ్యితోనే బతుకుతోంది. సాయంత్రాలు వంటింటి గుమ్మంలో కూర్చుని, చీర మీదుగా దాన్ని తడుముతుంది. హైమ ముఖం సరిగ్గా గుర్తు రాని రోజుల్లో కూడా అది ఉంటుంది. పోయిన వానాకాలం నుంచి అది పెరుగుతోంది.

*

"నేను వద్దనడం లేదు," అన్నాడు ముక్తేశ్వరరావు, నొప్పి పెరుగుతోందని చెప్పడానికి వచ్చిన నూకరత్నంతో. చెడ్డవాడు కాడు. ఎదురుగా మాట్లాడేటప్పుడు పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టే మనిషి. "మీరు ఖాళీ చేయమంటే చేయించాల్సిందే. రూలది. కానీ మీరు అనాలి. సందేహంగా ఉంది, ఏమో అనిపిస్తోంది అంటే నేను ఓడను ఆపలేను."

డాక్టర్ కుముదిని కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆరు నెలలకోసారి వచ్చి జంట మనుషుల్ని చూసిపోతుంది. "ఉక్కు మందం కొలిచారా?"

"గోళం చుట్టూ కొలిచాం," అంది నూకరత్నం. "ఎక్కడా తగ్గలేదు. గోళాన్ని మోసే కాళ్లు దానికి అతికే చోట మాత్రం కొలవలేం. నిప్పు తగలకుండా కాళ్లకు కాంక్రీటు తొడుగు ఉంది. గ్యాసు ఉండగా దాన్ని సుత్తితో పగలగొట్టలేం కదా."

"పోయినసారి ఖాళీ చేసినప్పుడు విప్పారా ఆ తొడుగు?"

ముక్తేశ్వరరావు, నూకరత్నం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అది గోళం కాదు కదండీ, కాలు," అన్నాడతను. "పగుళ్లు వచ్చేది గోళానికి."

"ఓడ నుంచి గ్యాసు ఎక్కించేటప్పుడు నొప్పి పెరుగుతోందా?" కుముదిని ఆమెనే అడిగింది.

"పెరుగుతుందండీ."

"అయితే ఇంకేం?"

నూకరత్నం డొక్క మీది చెయ్యి తీసింది. ఎలా చెప్పాలి? "ఆ రోజు నీళ్లతో నిండి ఉన్నప్పుడే కబురు విన్నానండీ. ఇప్పుడు గ్యాసుతో నిండుతుంటే ఒళ్లు అలాగే బిగుస్తుంది. బిగిస్తే అదే గుర్తొస్తుంది. గుర్తొచ్చి నొప్పెడుతోందో, నొప్పెట్టి గుర్తొస్తోందో నాకు తెలియడం లేదు."

కుముదిని తలూపింది. అది ఆమె పుస్తకాల్లో ఉన్నదే. "చాలాకాలం జంటగా ఉంటే ఒళ్లు తనంతట తానే ఆ నొప్పిని పుట్టించుకోవచ్చు. బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. తేల్చడానికి ఒకటే దారి. పట్టీ తీసేయడం. తీశాక కూడా ఉంటే నీది. పోతే దానిది."

"అలాగని ఏడాది పాటు గోళాన్ని గుడ్డిగా నడపమంటారా?" మేనేజరు గొంతు మొదటిసారి లేచింది. "వేసవి వస్తోంది. రెండోసారి కూడా వట్టిదని తేలితే ఈ జంటల పథకాన్నే మూసేస్తారు. మిగతా గోళాలకూ మనుషులు ఉండరు. అప్పుడు నిజంగా పగులు వస్తే?"

వరండాలోకి వచ్చాక కుముదిని నెమ్మదిగా అడిగింది. "ఆయన సంగతి వదిలేయండి. మీరెందుకు తీయడం లేదు?"

"మీరే కదండీ తీయొద్దన్నారు."

"నేను చాలా చెప్పాను," అంది కుముదిని. "ఇంట్లోవాళ్లను మీతో మాట్లాడొద్దని కూడా నేనే చెప్పాను." కళ్లజోడు తీసి తుడుచుకుంది.

నూకరత్నం మెట్లు దిగింది. ఎందుకు తీయడం లేదు? తీశాక నొప్పి అలాగే ఉంటే భయం లేదు. తనదే అవుతుంది. కాలనీ క్షేమం, ఆమె తల్లి. కానీ పోతే? అది ఇనప కాలిదని తేలితే, ఇన్నాళ్లూ వంటింటి గుమ్మంలో కూర్చుని ఆమె ఒళ్లో పెట్టుకుని నిమిరినది ఏమిటి? కన్నకూతురు పోతే ఈ ఒంట్లో ఏం జరిగింది? ఏమీ జరగలేదా? ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి మనసు, నిప్పుకు దగ్గరైన చెయ్యిలా, తనంతట తానే వెనక్కి వచ్చేస్తోంది. అంతలోనే ఇంకో ఆలోచన. దీని కోసం, ఈ ఒక్కటి తనది అనుకోవడం కోసం, ఒక కాలనీని పణంగా పెడుతున్నానా? అది ప్రశ్నలా రాలేదు. ఎవరో వెనక నడుస్తూ చెప్పినట్టు వచ్చింది. ఆమె నడక వేగం పెంచింది.

*

ఓడ నుంచి గ్యాసు ఎక్కడం మొదలైంది. కడుపు నిండుతున్నట్టు ఉంది. ఎప్పటిలాగే, నింపేటప్పుడు నీటి జల్లు పరీక్ష చేయాలి. మంట అంటుకుంటే గోళాన్ని చల్లార్చడానికి దాని చుట్టూ కన్నాల పైపులు ఉంటాయి. సూరప్పడు వాల్వు తిప్పగానే గోళం నెత్తి నుంచి నీళ్లు తెరలా జారాయి. మూసుకుపోయిన కన్నాలు ఎక్కడైనా ఉన్నాయేమోనని ఇద్దరూ చుట్టూ తిరుగుతూ చూశారు.

"అన్నీ బాగానే కొడతన్నాయప్పా. కట్టీమంటావా?"

"కట్టీ."

నీళ్లు ఆగాయి. గోళం మీద తడి ఎండకు నిమిషాల్లో ఆరిపోతోంది. కాళ్లు కూడా ఒక్కొక్కటే ఆరుతున్నాయి. సముద్రం వైపున్న కాలు మాత్రం ఆరలేదు. కాంక్రీటు తొడుగు అడుగు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి, బెల్లం పాకం రంగులో.

"లోపలికి పోయిన నీరు," అన్నాడు సూరప్పడు. "పైన ఎక్కడో నెర్రె ఉండుంటాది. ఉప్పు గాలి గదా, ఈ యార్డులో తుప్పు నీరు కారనిది ఏదున్నాది? నా టిఫిను బాక్సు కూడా కారతాది."

అది నిజమే. తుప్పు నీళ్లు చూసి గోళం ఖాళీ చేయించలేరు. నూకరత్నం ఆ కాలి పక్కన నిలబడి పైకి చూసింది. తొడుగు ఎక్కడ ముగిసి ఉక్కు గోళాన్ని కలుస్తుందో ఆ చోటు ఆమె ఒంట్లో ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలుసు. నడుముకు పైన, పక్కకు. ఎడమ వైపు.

కడుపు ఇంకా నిండుతోంది. డొక్క కింద చెయ్యి బిగిసింది. ఈసారి ఊరికే పట్టుకోలేదు. బరువంతా దాని మీదే వేసి ఎవరో లేవబోతున్నారు. ఊపిరి సగంలో ఆగిపోయింది. ఆమె కాంక్రీటుకు చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది.

"ఏటయినాది అప్పా? కూకో. నీల్లు తెమ్మంటావా?"

హైమా, అనుకుంది ఆమె. అనుకుని ఆగింది. ఎంత తేలికగా ఆ పేరు పెట్టేస్తోంది! ఎవరు తలుపు తట్టినా కూతురే అనుకునే పిచ్చిదానిలా. ప్రహరీ అవతల ఎవరింట్లోనో రేడియో పాడుతోంది. ఎవరో బిందె కింద పెట్టారు. ఆ చప్పుళ్లన్నీ ఆమె వింటోంది. వింటూనే ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అని దాన్ని ఒళ్లో పెట్టుకుని నిలబడింది.

తర్వాత హెల్మెట్ తీసి నేల మీద పెట్టింది. కాలరు లోపలికి చెయ్యి పోనిచ్చింది.

"వొద్దప్పా!" సూరప్పడు నీళ్ల సీసా పడేసి వచ్చాడు. "అది తీసీస్తే మల్లీ అతకదంట! మేనేజరుగారిని అడిగి..."

పొర అంచు గోటికి దొరికింది. అది ఎక్కడ ముగుస్తుందో, తన చర్మం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. రెండూ కలిపి లాగింది. తడి గుడ్డ చిరిగిన చప్పుడైంది. వీపు మీదికి వెచ్చగా రక్తం జారింది.

ముందు ఎండ పోయింది. భుజాల మీది ఇసుక మూటలు ఎవరో ఎత్తుకుపోయారు. ఆ తర్వాత కడుపు ఖాళీ అయింది. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఎడమ డొక్క దగ్గర కాపు కాసింది. ఉండు. నువ్వయినా ఉండు.

చెయ్యి ఎముకను వదిలింది.

వేళ్లతో వెతికింది. గట్టిగా నొక్కింది. అక్కడ ఏమీ లేదు. మామూలు పక్కటెముక, దాని మీద చెమట. పోయినసారి కూడా తనదంటూ ఏమీ లేదన్న మాట. వాళ్లు గోళమంతా వెతికారు గానీ కాలి తొడుగు విప్పలేదు. ఆ ఎక్సరేలు తేల్చింది ఆమె దుఃఖాన్ని కాదు. అరచేతిలో తడి పొర ముడుచుకుపోయింది. మెడ వెనక మంట తప్ప ఒంట్లో ఎక్కడా, ఏ మూలా, ఎవరూ లేరు.

"పోయిందా?" సూరప్పడు ఆమె ముఖంలోకి వంగి చూశాడు. "సెప్పప్పా, పోయిందా?"

"పోయింది. నాది కాదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పరిగెట్టు. ఓడ పంపు ఆపమను. ఉన్నదంతా రెండో గోళంలోకి మల్లించమను. ఈ కాలు మోయనేదని సెప్పు. కాలనీ సైరన్ కొట్టమను. సందేహం కాదు, నాను సెప్పానని సెప్పు."

అతను పరిగెత్తాడు.

యార్డులో ఫోన్లు నిషేధం. అందరి ఫోన్లూ గేటు దగ్గర చెక్క గూళ్లలో పెట్టిపోవాలి. ఆమె గేటుకు చేరేసరికి సైరన్ లేచింది. కాపలా మనిషి ఏదో అడుగుతున్నాడు. ఆమె వినిపించుకోకుండా తన గూట్లోంచి ఫోను తీసింది.

గంగునాయుడు వెంటనే ఎత్తాడు.

"ఏటి రత్నం? ఏటీ నేదు, నువ్వు కంగారు పడకు," అన్నాడు, ఆమె ఇంకా నోరు తెరవకముందే. వెనక జనం కేకలు వినిపిస్తున్నాయి. పిల్ల ఎవరో ఏడుస్తోంది. "ఆ సైరన్ మా వైపు ఊరికే పరీచ్చ సేస్తన్నారంట. అంతా మామూలే. నువ్వు పన్లో ఉండు."

"పరీచ్చ కాదు మావా. నానే కొట్టించాను. అత్తమ్మని ఆటో ఎక్కించు. కొండ వైపు ఎల్లిపో. తాలం వెయ్యకు, ఏటీ తీసుకోకు."

అటు నుంచి ఫోను దేనికో తగిలిన చప్పుడు. తర్వాత అతని అరుపు, ఫోనుకు కాదు, ఇంట్లోకి. చెప్పుల చప్పుడు. అత్తగారి గొంతు. ఆటో ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. గేటు ఇవతలి నుంచి ఆమె ఆ చప్పుళ్లన్నిటినీ ఒక్కటొక్కటిగా విన్నది. వెనక యార్డులో ఎవరో పరిగెత్తుతున్నారు. నాలుగో గోళం నిలబడే ఉంది. ఇంకా ఎంతసేపు నిలబడుతుందో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

"రోడ్డెక్కాం," అన్నాడు గంగునాయుడు, ఊపిరాడనట్టు. "నీ దగ్గర ఎలగున్నాది? నీ ఒంట్లో..."

"పట్టీ తీసీసాను మావా."

అటు ఆటో గేరు మారిన చప్పుడైంది.

"ఫోను పెట్టీకు," అంది ఆమె. "హైమ ఆ పొద్దు ఏటందో సెప్పు. నన్నడిగిందా?"

"ఇప్పుడేటి రత్నం..."

"ఇప్పుడే. పొద్దున్న నుంచీ సెప్పు. ఏదీ తీసీకు."

అతను గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఏదో అన్నాడు. సైరన్ హోరులో మొదటి మాట వినబడలేదు. నూకరత్నం గోడ వైపు తిరిగి, ఫోనును చెవికి అదుముకుని, రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుంది.